స్వభావాన్ని బట్టి పరసంస్కృతి శిక్షణ: కర్మాగార బృందాలను నడిపే వారి కోసం

చెన్నై శివార్లలోని ఒరగడం, శ్రీపెరుంబుదూరు పారిశ్రామిక వాడల్లో ఉద్యోగం చేసే తెలుగువారికి ఒకే షిఫ్టులో నాలుగైదు సంస్కృతులు ఎదురవుతాయి. లైను మీద తమిళ సూపర్‌వైజరు ఉంటాడు. పక్క యంత్రం దగ్గర ఒడిశా నుంచో బిహారు నుంచో వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు ఉంటాడు. క్వాలిటీ విభాగంలో నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు ఉంటారు. వీరందరికీ పైన జపాన్ నుంచో కొరియా నుంచో కొన్నేళ్లు పనిచేయడానికి వచ్చిన సలహాదారు ఉంటాడు. ఇటువంటి కర్మాగారాల్లో కొత్త ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే పనిలో నేను పన్నెండేళ్లుగా ఉన్నాను. ఈ కాలంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. పరాయి సంస్కృతి వారితో కలిసి పనిచేయడం అందరూ నేర్చుకోగలరు, అయితే ఏ ఇద్దరూ ఒకే దారిలో నేర్చుకోరు. ఎవరి దారి ఏదో తేల్చడంలో వారి చదువు కంటే, సొంతూరి కంటే వారి స్వభావానికే ఎక్కువ పాత్ర ఉంటుంది. బృందాన్ని నడిపే వారు దీన్ని గుర్తించి శిక్షణను ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెట్టడం న్యాయం. గతంలో నేను పనిచేసిన ఒక విడిభాగాల కర్మాగారానికి జపాన్ నుంచి ఒక సలహాదారు వచ్చారు. ఆయనకూ మా ప్రొడక్షన్ విభాగానికీ మధ్య సమాచారం నడిపేందుకు ఒక మనిషి కావలసి వచ్చినప్పుడు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే ఒక యువ ఇంజనీరును నేను ఎంపిక చేశాను. అతను వారం తిరగక ముందే ఇరవై జపాను మాటలు నేర్చుకున్నాడు, ఆయనతో కలిసి భోజనాలకు వెళ్లాడు, ఆయన్ను నవ్వించాడు. నాలుగో నెలలో ఒక డై (లోహానికి ఆకారమిచ్చే అచ్చు) మార్పు గురించి చర్చ జరిగింది. మా ప్రతిపాదన విని ఆయన కాసేపు మౌనంగా ఉండి, తల కొద్దిగా పక్కకు వంచి, అది కొంచెం కష్టమని అన్నారు. మా ఇంజనీరు దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడు. కొంచెం కష్టమైతే కొంచెం ఎక్కువ శ్రమపడదామని చెప్పి పనులు మొదలుపెట్టించాడు. రెండు వారాల తర్వాత ట్రయల్ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టవలసి వచ్చింది, ఎందుకంటే ఆయన ఆ రోజు అన్న మాటకు అర్థం 'వద్దు' అని.

అదే విభాగంలో గూడూరు నుంచి వచ్చిన ఒక క్వాలిటీ ఇంజనీరు ఉండేది. మీటింగులో పది మాటలు కూడా మాట్లాడేది కాదు. జరిగిన నష్టం గురించి అందరం మాట్లాడుకుంటున్నప్పుడు ఆమె తన నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఎడమ పేజీలో సలహాదారు అన్న మాటలు తేదీలతో ఉన్నాయి, కుడి పేజీలో ఆ తర్వాత వాస్తవంగా ఏం జరిగిందో రాసి ఉంది. 'కొంచెం కష్టం' అన్న మాట ఎడమ పక్కన ఐదు చోట్ల కనిపించింది. ఐదింటికీ ఎదురుగా కుడి పక్కన ఒకే మాట ఉంది, 'చేయలేదు' అని. మనం 'చూద్దాం లెండి' అంటే, తమిళులు 'పార్కలాం' అంటే వచ్చే అర్థమే ఆయన మాటకు కూడా ఉందని ఆమెకు రెండు నెలల ముందే తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు, అడగవలసిన వాడిని నేనే.

కలుపుగోలుతనాన్ని చూసి, నేర్చుకోవడం జరిగిపోతోందని నేను పొరబడ్డాను. ఈ రెండింటినీ విడదీసి చూడడానికి పరిశోధకులు ఇచ్చిన ఒక చట్రం నాకు తర్వాత చాలా ఉపయోగపడింది. క్రిస్టఫర్ ఎర్లీ, సూన్ ఆంగ్ అనే ఇద్దరు పండితులు 2003లో సాంస్కృతిక ప్రజ్ఞ అనే భావనను ప్రతిపాదించారు. దానిలో నాలుగు పాళ్లు ఉంటాయి: పరాయి వారితో మెలగాలన్న ఉత్సాహం, వారి ఆచారాల గురించిన పరిజ్ఞానం, మన అంచనాలను మనమే పరీక్షించుకునే జాగరూకత, అవసరాన్ని బట్టి మాటనూ నడతనూ మార్చుకోగల నేర్పు. మనస్తత్వ శాస్త్రంలో ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం మనిషి స్వభావాన్ని ఐదు కొలతలతో చూస్తారు: కొత్తదనం పట్ల సుముఖత, క్రమశీలత, బహిర్ముఖత, సౌమ్యత, ఉద్వేగ స్థిరత్వం. ఈ ఐదింటికీ ఆ నాలుగింటికీ ఉన్న సంబంధాన్ని సూన్ ఆంగ్, లిన్ వాన్ డైన్, క్రిస్టీన్ కో 2006లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించారు. కొత్తదనం పట్ల సుముఖతకు నాలుగు పాళ్లతోనూ సంబంధం కనిపించింది. బహిర్ముఖతకు ఉత్సాహంతోనూ, పరిజ్ఞానంతోనూ, నడతతోనూ సంబంధం కనిపించింది. అంచనాలను పరీక్షించుకునే జాగరూకతకు, ఆ సుముఖత కాక, సంబంధం ఉన్నట్టు తేలినది క్రమశీలతే. సౌమ్యత, ఉద్వేగ స్థిరత్వం నడతను మార్చుకునే నేర్పుతో ముడిపడ్డాయి.

మా ఇద్దరు ఇంజనీర్ల కథను ఈ చట్రంలో పెట్టి చూడండి. ఆ యువకుడిలో ఉత్సాహమూ నడతా పుష్కలంగా ఉన్నాయి, తన అంచనాను తిరిగి పరీక్షించుకునే అలవాటు లేదు. ఆమెలో ఆ జాగరూకత ఉంది, దాన్ని నోటితో బయటపెట్టే చొరవ లేదు. ఇద్దరికీ కలిపి నేను రెండు రోజుల తరగతి ఒకటే పెట్టాను. అతను అందులో ముందు వరుసలో కూర్చుని ప్రశ్నలు వేశాడు, ఆమె వెనక కూర్చుని రాసుకుంది, చివర నింపించిన ఫారాల్లో ఇద్దరికీ మంచి మార్కులే వచ్చాయి.

ముందు రెండు వారాలు గమనించండి

కొత్త వారు చేరిన మొదటి రెండు వారాల్లో వారికి ఏ ముద్రా వేయకండి. స్వభావ పరీక్షల ఫారాలు నింపించే అలవాటు చాలా సంస్థల్లో ఉంది. నింపించినా ఆ ఫలితాలను ప్రమోషన్ల కాగితాలతో కలపకండి, కలుపుతారని తెలిస్తే ఎవరూ నిజం రాయరు. వాటి కంటే కంటితో చూసినది మేలు. క్యాంటీన్‌లో రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారా, బల్లలు మారుతున్నారా? అర్థం కాని మాట వినిపిస్తే అక్కడికక్కడే అడుగుతున్నారా, తర్వాత పక్కవారిని అడుగుతున్నారా, అడగకుండా వదిలేస్తున్నారా? పని మధ్యలో పద్ధతి మారిస్తే చిరాకు పడుతున్నారా? తప్పు బయటపడితే ముఖం ఎలా మారుతోంది? ఈ ప్రశ్నలకు జవాబులు మీ డైరీలో రాసుకోండి, ఆ డైరీని ఎవరికీ చూపించకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వ్యక్తి స్వభావాన్ని సంస్కృతిగా, సంస్కృతిని స్వభావంగా పొరబడడం అందరికంటే ఎక్కువగా శిక్షకులే చేస్తారు. జపాన్ నుంచి వచ్చిన ఒకాయన మాట్లాడకుండా ఉంటే జపనీయులంతా మితభాషులని మనం తేల్చేస్తాం. తర్వాత వచ్చినాయన గలగలా మాట్లాడితే ఆయనకు ఇండియా అలవాటైపోయిందని సరిపెట్టుకుంటాం. మొదటాయన తన ఊళ్లో కూడా మితభాషే కావచ్చునని మనకు తోచదు. మన గురించి కూడా పక్కవారు ఇలాగే అనుకుంటారు: గట్టిగా మాట్లాడే ఒక్క తెలుగువాడిని చూసి తెలుగువాళ్లంతా గట్టిగా మాట్లాడతారని లైనంతా నమ్ముతుంది. దీనికి నేను పాటించే నియమం ఏమిటంటే, ఒకే ప్రాంతం నుంచి వచ్చిన కనీసం ముగ్గురిలో ఒక అలవాటును చూసేదాకా దాన్ని ఆ ప్రాంతపు అలవాటుగా తరగతిలో చెప్పను.

ఒక్క ఆచారాన్ని తీసుకుని లోతుగా నేర్పండి

జపాను సంస్థల్లో పనిచేసే వారందరూ వినే మాట హోరెన్సో. హోకొకు అంటే పైవారికి నివేదించడం, రెన్‌రాకు అంటే సంబంధం ఉన్న వారందరికీ తెలియజేయడం, సోదాన్ అంటే సంప్రదించడం. ఈ మూడింటి మొదటి అక్షరాలను కలిపితే ఆ మాట వస్తుంది. జపాను భాషలో పాలకూరను కూడా అలాగే పలుకుతారు కాబట్టి ఒకసారి వింటే ఎవరూ మరిచిపోరు. దాని సారాంశం ఇది: పని నడుస్తుండగానే, ముఖ్యంగా చెడు వార్తను, పరిష్కారం దొరికే దాకా ఆగకుండా వెంటనే చెప్పాలి. మన దగ్గర పెరిగిన పద్ధతి ఇందుకు భిన్నం. సమస్యను సరిచేసి, ఆ తర్వాత పెద్దవారికి చెప్పడమే మర్యాద అని మనం నేర్చుకున్నాం. చేతకాని సంగతి మోసుకుపోయి పెద్దవారిని ఇబ్బంది పెట్టకూడదనుకుంటాం.

వంద ఆచారాల జాబితా ఇవ్వకుండా ఈ ఒక్కదాన్నే పట్టుకుని నెల రోజులు పనిచేయించడం వల్ల ఎక్కువ ఫలితం వస్తుందని నా అనుభవం, ఎందుకంటే ఒకే ఆచారం దగ్గర ఒక్కో స్వభావం ఒక్కో రకంగా తడబడుతుంది, ఆ తడబాటే వారికి ఏం నేర్పాలో చెబుతుంది.

కలుపుగోలు మనిషి క్యాంటీన్‌లో టీ తాగుతూ రిజెక్షన్లు పెరిగిన సంగతి సలహాదారుతో అనేస్తాడు, తాను నివేదించానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఎంత పెరిగాయో, ఎప్పటి నుంచో, ఏ యంత్రం మీదో చెప్పడు. ఇతనికి మాట్లాడే అవకాశాలు పెంచనక్కర్లేదు. ప్రతి సంభాషణ తర్వాత మూడు వాక్యాలు రాయించండి: నేను ఏం చెప్పాను, ఆయన ఏం అన్నారు, ఆయన మాటకు నేను అనుకున్న అర్థం కాక ఇంకో అర్థం ఏది కావచ్చు. మూడో వాక్యం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, ఖాళీగా వదిలేస్తారు. వదలనివ్వకండి. నా పొరపాటు వల్ల ఇబ్బంది పడిన ఆ యువ ఇంజనీరే తర్వాత ఈ పద్ధతిని నాకంటే శ్రద్ధగా కొత్తవారి చేత పాటింపజేశాడు.

క్రమశీలి అయిన మనిషి నివేదికను సంపూర్ణం చేసేదాకా పంపడు. కారణం తేలాలి, పట్టిక నిండాలి, ఫోటోలు అతకాలి. అప్పటికి రెండు షిఫ్టులు గడిచిపోతాయి. బద్ధకం వల్ల ఇలా చేయడని, పనిమీద గౌరవంతోనే చేస్తాడని ముందు మీరు గ్రహించాలి. అసంపూర్ణమైన నివేదికకు కూడా ఒక పద్ధతి ఉందని చూపిస్తే ఇతను సులభంగా మారతాడు. మొదటి అరగంటలో ఇవ్వవలసిన సమాచారానికి ఒక చిన్న ఫారం తయారుచేసి, అందులో 'కారణం ఇంకా తెలియదు' అనే గడిని ముందే అచ్చువేయించండి. ఆ గడిలో టిక్కు పెట్టడం కూడా నియమంలో భాగమైతే క్రమశీలికి అభ్యంతరం ఉండదు.

సౌమ్యుడు అన్నింటికీ 'పర్వాలేదు సార్' అంటాడు. ఎదుటివారి మనసు నొప్పించకూడదనే స్వభావం పరాయి సంస్కృతిలో స్నేహాలను తెస్తుంది, చెడు వార్తను మాత్రం నోట్లోనే ఆపేస్తుంది. ఇతనికి వివరించి చెప్పడం వల్ల లాభం లేదు, ఎందుకంటే విన్నంతసేపు ఒప్పుకుంటాడు, మర్నాడు మళ్లీ పర్వాలేదంటాడు. చేయవలసింది అభ్యాసం. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు సలహాదారుగా, మరొకరు చెడు వార్త చెప్పే వారిగా, చెప్పవలసిన వాక్యాన్నే పదే పదే పలికించండి. 'సార్, ఒక ఇబ్బంది వచ్చింది, మీరు ఇప్పుడే వింటే నాకు సాయం చేసినట్టవుతుంది' అనే వాక్యం మా దగ్గర బాగా పనిచేసింది. చెప్పకపోవడం వల్ల ఎదుటివారికి కలిగే నష్టాన్ని కూడా అతనికి కళ్లకు కట్టించండి. సౌమ్యుడిని కదిలించేది అదే.

ఆందోళన ఎక్కువగా ఉండే మనిషి సంగతి వేరు. తప్పును దాచాలని అతనికి ఉండదు, చెప్పాక ఏమవుతుందో అన్న భయం వల్ల మాట పెగలదు. సలహాదారు ముఖంలో కనబడే మౌనాన్ని కోపంగా చదువుకుంటాడు. ఇటువంటి వారిని నలుగురి ముందు ఉదయపు మీటింగులో మాట్లాడించడం నేర్పడం కాదు, భయపెట్టడం. మొదటి నెల వారు తమ లైన్ లీడరుకు చెబితే చాలు, రెండో నెల లీడరుతో కలిసి సలహాదారు దగ్గరికి వెళ్లాలి, మూడో నెల లీడరు పక్కన మౌనంగా నిలబడి ఉండగా తామే చెప్పాలి. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే ఆందోళన తగ్గుతుంది కాబట్టి, చెప్పాక సలహాదారు సాధారణంగా ఏం చేస్తారో, ఏ ప్రశ్నలు వేస్తారో వరుసగా రాసి ఇవ్వండి. ఈ స్వభావం ఉన్నవారు ప్రమాదాన్ని అందరికంటే ముందే పసిగడతారని నేను చాలాసార్లు చూశాను. వారిని నిలబెట్టుకోవడానికి పడే శ్రమ వృథా పోదు.

ఒకే మనిషిలో ఈ గుణాలు రెండు మూడు కలిసి ఉంటాయని వేరుగా చెప్పనక్కర్లేదు.

మాట దగ్గరే మొదలయ్యే పాఠాలు

జపాను, కొరియా పద్ధతుల గురించి తరగతులు పెట్టే సంస్థలు తెలుగు, తమిళుల మధ్య తేడాల గురించి ఏమీ చెప్పవు, పక్కపక్క రాష్ట్రాల వారమే కదా అనుకుంటాయి. నిజానికి పొరపాట్లు దగ్గరి భాషల మధ్యే ఎక్కువ. మన 'అవసరం' అంటే కావలసి ఉండడం. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. ఒక ప్లాంటులో మన ఇంజనీరు స్టోర్సులో ఫలానా బేరింగులు అవసరమని మామూలుగా అంటే, స్టోర్సు వారు ఆదరాబాదరాగా మరో లైనుకు కేటాయించిన వాటిని తెచ్చి ఇచ్చారు. ఆ లైను గంటకు పైగా ఆగిపోయింది.

తమిళం నేర్చుకోవడంలో కూడా స్వభావం స్పష్టంగా కనిపిస్తుంది. చొరవ గల కుర్రవాడు రూములోని స్నేహితుల దగ్గర నెలలో మాట్లాడడం నేర్చుకుంటాడు, కానీ అది స్నేహితుల తమిళం. యాభై ఏళ్ల ఆపరేటరును 'వాంగ' అని పిలవవలసిన చోట 'వా' అంటాడు, ఆయన ముఖం తిప్పుకుంటే కారణం తెలియక బాధపడతాడు. మనకు 'రా', 'రండి' మధ్య ఎంత దూరమో వాటి మధ్య కూడా అంతే దూరం ఉందని ఒక్కసారి చెబితే సరిపోతుంది. మొహమాటస్థుడికి 'నీ', 'నీంగ'ల తేడా మొదటి రోజే తెలుసు, తప్పు వస్తుందేమోనని ఏడాది దాటినా నోరు విప్పడు. ఇతనికి రోజుకు ఒక్క మాట, ఒక్క మనిషితో పనిగా పెట్టండి. తమిళులు ఎదురుపడగానే 'సాప్టీంగళా' అని అడగడం, మనం 'భోంచేశారా' అని అడగడం ఒకే ఆప్యాయత కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టిస్తే బెదురు పోతుంది. పేరు చివర మనం చేర్చే 'గారు' వంటిదే జపాను వారి 'సాన్' అని చెబితే, పరాయి పద్ధతి అనుకున్నది సొంత పద్ధతికి చుట్టంగా కనిపిస్తుంది.

పైగా ఇది మనవారికి కొత్త విద్య కాదు. 1639లో చెన్నపట్నం పుట్టుకకు కారకుడైన ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే దగ్గర దుబాసీగా పనిచేసిన బేరి తిమ్మన్న తెలుగువాడు. రెండు పక్షాల మధ్య నిలబడి ఒకరి మాటలోని ఉద్దేశాన్ని మరొకరికి చేరవేసే పని ఈ నగరంలో తెలుగువారు తరతరాలుగా చేశారని చెప్పినప్పుడు, ఊరు విడిచి వచ్చిన పిల్లల్లో కొంత ధైర్యం వస్తుంది. నేను ప్రతి బ్యాచికీ చెబుతాను.

జతలు కట్టడం, ఏర్పాట్లు చూడడం

ఒకే చోట ఉంచినంత మాత్రాన భిన్న సమూహాల వారు దగ్గర కారని మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ లేని సహకారం, పైవారి మద్దతు ఉన్నప్పుడే ఆ కలయిక మంచి ఫలితం ఇస్తుందన్నాడు. తాంబరం నుంచి బయలుదేరే కంపెనీ బస్సును చూస్తే ఆ మాట నిజమని తెలుస్తుంది: వెనక సీట్లలో తెలుగువారు, మధ్యలో తమిళులు, ముందు హిందీ మాట్లాడేవారు. ఏళ్ల తరబడి ఒకే బస్సులో వెళ్లినా ఒకరి పేరు ఒకరికి తెలియదు. అదే ఆయుధ పూజ నాడు చూడండి. యంత్రాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టే దాకా ఆ యంత్రం దగ్గర పనిచేసే వారందరికీ ఒకే పని, ఒకే హోదా. సలహాదారు కూడా చెప్పులు విడిచి పక్కన నిలబడతారు. ఆ ఒక్క పూటలో జరిగిన పరిచయాలు ఏడాదంతా నిలుస్తాయి.

కాబట్టి జతలు కట్టేటప్పుడు ఇద్దరికీ కలిపి చిన్నదైనా నిజమైన పని అప్పగించండి, ఇద్దరి హోదా సమానంగా ఉండేలా చూడండి. చొరవ గల వ్యక్తినీ పరిశీలన గల వ్యక్తినీ కలపడం మంచిదే, కానీ మాట్లాడే పని ఎప్పుడూ ఒకరిదే అయిపోకుండా వారం విడిచి వారం మార్చండి. గూడూరు ఇంజనీరును తర్వాత ఆ యువకుడితో జత చేసినప్పుడు, మీటింగులో మాట్లాడేది అతనైనా, బయటకు రాగానే ఐదు నిమిషాలు ఆమె పుస్తకం చూసి తాము విన్నది సరిపోల్చుకోవాలని నియమం పెట్టాం. మూడు నెలలకు ఆమె మీటింగులోనే 'ఒక్క నిమిషం' అని చేయి ఎత్తడం మొదలుపెట్టింది.

కాలం విషయంలో కూడా తొందరపడకండి. కొత్త సంస్కృతిలో అడుగుపెట్టిన వారు మొదట ఉత్సాహంగా ఉండి, ఆపైన కుంగి, మెల్లగా తేరుకుని కుదురుకుంటారని మానవ శాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లో వివరించాడు. నా తరగతుల్లో ఆందోళన పడేవారు మొదటి నెలలోనే కుంగారు, వారిని అందరం గమనించాం. కలుపుగోలు వారు నాలుగైదు నెలల తర్వాత కుంగారు. అప్పటికి వారు బాగున్నారని అందరం నమ్మి ఉండడం వల్ల ఎవరూ పట్టించుకోలేదు, కొందరు రాజీనామా చేసి వెళ్లిపోయారు. అందువల్ల మొదటి నెలలో ఎవరి గురించి మీకు దిగులు లేదో, వారితో నాలుగో నెలలో ప్రత్యేకంగా కూర్చుని మాట్లాడేందుకు ఇప్పుడే క్యాలెండరులో తేదీ రాసుకోండి.

నేర్చుకున్నారో లేదో చూడడం

తరగతి చివర నింపించే ఫారం చూసి తృప్తి పడకండి, అందులో మంచి మార్కులు రావడం ఎంత తేలికో పైన చెప్పాను. ఆరు నెలల తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, మూడు సంగతులు అడగండి. ఈ ఆరు నెలల్లో మీరు తప్పుగా అర్థం చేసుకున్న ఒక సందర్భం చెప్పండి. అది తప్పని మీకు ఎలా తెలిసింది. ఆ తర్వాత మీరు మార్చుకున్న ఒక అలవాటు ఏది. మొదటి ప్రశ్నకు ఏమీ జరగలేదని జవాబిచ్చిన వారికి, ఎంత చలాకీగా తిరుగుతున్నా, శిక్షణను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. నోటితో చెప్పడానికి ఇబ్బంది పడే వారికి రెండు రోజుల గడువిచ్చి రాసి తెమ్మనండి. ఇవే మూడు ప్రశ్నలను సలహాదారును కూడా అడగండి, ఎందుకంటే ఆయన కూడా ఆ ఆరు నెలలు మన మధ్యే నేర్చుకుంటున్నారు, ఆయనకూ ఒక స్వభావం ఉంది.